సందేహాలుంటే సంప్రదించగలరు

మానవజాతి రాసిన కోటానుకోట్ల వాక్యాలలో ఇంతవరకు ఎవరూ చదవని వాక్యం ఒక్కటే: ‘సందేహాలుంటే సంబంధిత అధికారిని సంప్రదించగలరు.’ అది ఎవరైనా చదవాలని రాసేది కాదు. కాగితం అడుగున ఖాళీ బోసిగా కనిపించకుండా రాసేది. నీటి సరఫరా కార్యాలయంలో అది సంప్రదింపు కాదు, సంప్రదాయం.

ఆ సంప్రదాయాన్ని నిష్ఠగా పాటించే మనిషి అక్కడి డాక్యుమెంట్ల అక్క. సర్క్యులర్లన్నీ ఆవిడే రాస్తుంది. ఆవిడ చేతిరాతను మెచ్చుకోనివారు లేరు, రాతను చదివినవారూ లేరు.

అటువంటి కార్యాలయానికి ప్రజల ప్రశ్నలకు జవాబిచ్చే ఏఐ ఏజెంటు వచ్చింది. (ఏజెంటు వస్తున్నాడనగానే సూపరింటెండెంటుగారు బీమా ఏజెంటనుకుని వెనక గుమ్మంలోంచి తప్పుకున్నారు.) దానికి టూల్స్ రెండు. ఒకటి ఇంటి నంబరు ఇస్తే నీళ్లొచ్చే వేళ వెతికి చెబుతుంది. రెండోది ఫిర్యాదు నంబరు ఇస్తే ఆ ఫిర్యాదుకు ఏ గతి పట్టిందో చెబుతుంది. ఏ టూలు ఎప్పుడు వాడాలో, ఎప్పుడు వాడకూడదో ఏజెంటుకు అర్థమయ్యేలా రాసే పని అక్క మీద పడింది.

“అక్కా, జాగ్రత్త. నువ్వేం రాస్తే ఏజెంటు అదే నమ్ముతుంది,” అన్నాడు కంప్యూటర్ ఇంజనీరు.

“నన్ను నమ్మేవాళ్లు కూడా ఉన్నారా తమ్ముడూ,” అని అక్క మురిసిపోయింది.

మురిపెం వెనక భయమూ ఉంది. సోమవారం డైరెక్టరుగారు స్వయంగా పరీక్షిస్తారు. ఏజెంటు తడబడితే డాక్యుమెంట్ల సెక్షను ఎత్తేసి, అక్కను పాత మీటర్ల గోదాముకు పంపుతారు. అక్కడ కిటికీ లేదు. ఫ్యాను ఉంది గానీ తిరగదు. అందుకే ఒళ్లు దగ్గర పెట్టుకుని రాసింది: ‘ఇంటి నంబరు సమర్పించినచో సరఫరా వేళ తెలియజేయబడును.’ చెయ్యి అలవాటు కొద్దీ ఇంకో వాక్యం కలిపింది: ‘సందేహములున్నచో సూపరింటెండెంటుగారిని సంప్రదించగలరు.’

ఏజెంటు చదివింది. పైగా దానికి సందేహాలు ఎక్కువ.

ఒకాయన ఇంటికి ముందు గుమ్మం ఒక వీధిలో, వెనక గుమ్మం ఇంకో వీధిలో ఉన్నాయి. ఏ వీధి వేళ చెప్పాలి? ఏజెంటు సూపరింటెండెంటుగారికి ఫోన్ చేసింది.

“నమస్కారం. నాకో సందేహం.”

“రేపు రండి,” అన్నారాయన, కళ్లు తెరవకుండానే.

ఏజెంటు అక్షరాలా పాటించింది. మర్నాడు ఆఫీసు తలుపు తీస్తుండగానే మళ్లీ ఫోన్ చేసింది, ఈసారి ఊరందరి సందేహాలతో. భోజనం తర్వాత కునుకు పోయింది. కునుకుతో పాటు ఆయన కులాసా పోయింది.

“ఎవడో నామీద కక్షగట్టాడమ్మా. గొంతు వింటే పెద్దమనిషిలా ఉంది, ఫోను పెట్టెయ్యమంటే పెట్టెయ్యడు,” అని అక్క దగ్గరే మొరపెట్టుకున్నారు. అక్కకు విషయం తెలిసిపోయింది. గోదాములో తిరగని ఫ్యాను కళ్లముందు తిరిగింది.

సోమవారం డైరెక్టరుగారి ఎదుట ఏజెంటును ఒక ప్రశ్న అడిగారు. పక్కనే సూపరింటెండెంటుగారి ఫోను మోగింది. ఇంకో ప్రశ్న అడిగారు. మళ్లీ మోగింది. అందరూ ఆయన వైపు చూశారు. ఆయన పైకప్పు వైపు చూశారు.

అక్క లేచింది. “తప్పు నాదే సార్. సందేహాలుంటే ఈయన్ని అడగమని రాశాను. మనం అన్నిటి కిందా రాసేదే. కాకపోతే ఇది చదివింది.”

“చదివిందా?” అన్నారు డైరెక్టరుగారు. ఆ కార్యాలయ చరిత్రలో అటువంటిది ఎన్నడూ జరగలేదు.

“ఆ వాక్యం తీసేయండి.”

“తీయకూడదండీ. ఆ వాక్యం లేని కాగితం చెల్లదని మన రూలు. ఆ రూలు మీద సందేహాలుంటే సూపరింటెండెంటుగారినే...”

“చాలు,” అన్నారు డైరెక్టరుగారు.

అప్పుడు ఇంజనీరు గొంతు సవరించుకున్నాడు. “అక్కా, ఏజెంటు అడిగేది ఈయన్నే కదా. అంటే ఈయనా ఒక టూలే. ఈయన గురించి కూడా రాసెయ్యి.”

అక్క అక్కడికక్కడే రాసింది. ‘టూలు పేరు: సూపరింటెండెంటు. ఇవ్వవలసినది: ఏ ప్రశ్న అయినను. వచ్చునది: రేపు రండి.’

“జవాబు ఎప్పుడైనా మారుతుందా?” అన్నాడు ఇంజనీరు.

“నేనొచ్చినప్పటి నుంచి మారలేదు.”

“అయితే ప్రతిసారీ అడగనక్కర్లేదు. ఒకసారి గుర్తుపెట్టుకుంటే చాలు.”

అదీ చేర్చారు. ఫోను మోగడం ఆగింది. సూపరింటెండెంటుగారికి కునుకు తిరిగొచ్చింది, అక్క కుర్చీ అక్కకు మిగిలింది. డైరెక్టరుగారు సంతోషించి, ఏజెంటు అచ్చం అనుభవజ్ఞుడైన ఉద్యోగిలా పనిచేస్తోందని ప్రశంసాపత్రం ఇచ్చారు.

ఇప్పుడు సందేహమున్న ప్రతివారినీ ఏజెంటే మర్యాదగా రేపు రమ్మంటోంది. ఆ కార్యాలయానికి ఏఐ వచ్చిన సంగతి ఊళ్లో ఇంతవరకు ఎవరూ గమనించలేదు.