ఏడుపుకు కప్పిన శాలువా

రెండువేల ఆరు వేసవిలో, ప్రజల ఆరోగ్యం మీద అక్కర గల పెద్దలు భద్రాచలంలో క్యాన్సర్ అవగాహన సదస్సు జరిపించారు. వేదిక మీద కుర్చీలు, కుర్చీలకు తెల్ల తువ్వాళ్లు, తువ్వాళ్లకు ఒక కాపలా మనిషి ఉన్నారు. క్యాన్సర్ వచ్చినవారికి మాత్రం పిలుపు అందలేదు. వారిలో పిలవని పేరంటానికి వచ్చింది భద్రుతండా లాలి ఒక్కతే.

లాలికి ఎడమ రొమ్ములో గడ్డ లేస్తే హైదరాబాదులో కోసి తీసేశారు. ఆ తర్వాత సూదిమందు ఎక్కించాలని, మధ్యలో మానితే గడ్డ మళ్లీ మొలుస్తుందని డాక్టరు చెప్పాడు. ఎడ్లజత అమ్మితే సగం సూదులు పడ్డాయి. మిగతా సగానికి అమ్ముదామంటే ఇంట్లో మొగుడు హరిలాల్ తప్ప ఏమీ మిగల్లేదు. అతనికి బేరం రాలేదు.

పేదలకు సర్కారు ఖర్చుతో వైద్యం చేయించే పథకం లేకపోలేదు. అందులో కోత ఉంది, కోసినాక ఎక్కించే సూది లేదు. గడ్డ పోతే రోగం పోయినట్టే, పోయిన రోగానికి మందేమిటని పథకం రాసినవారి తర్కం. తప్పుపట్టలేం. వారికి గడ్డ లేవలేదు.

సూదులు కూడా పథకంలో చేర్చమని అడగడానికి లాలి తండా ఆడవాళ్లను వెంటబెట్టుకుని వచ్చింది. రోజూ వేసుకునే అద్దాల రైకలు, గాగ్రాలతోనే వచ్చారు. అదే పొరపాటైంది. ఆ జిల్లాలో ఏ రిబ్బను కత్తిరించాలన్నా ముందు లంబాడీ ఆడవాళ్లు ఆడితీరాలి. అద్దాలు తళుక్కుమనగానే నిర్వాహకులు ఉరికొచ్చారు.

"డ్యాన్స్ టీమ్ వచ్చింది! ఎక్కండమ్మా, జల్దీ ఎక్కండి!"

లాలి ఎక్కింది గానీ ఆడలేదు. లంబాడీల్లో కష్టం చెప్పుకునే పద్ధతి వేరే ఉంది. అయినవారి మెడ మీద చెయ్యేసి రాగం తీసి ఏడవాలి. విన్నవారు తోడేడవాలి, ఏడ్చాక చేతనైన సాయం చేయాలి. ఆరోగ్య మండలి అధ్యక్షుడు వెంకటరామారావుగారినే పెద్దదిక్కు అనుకుని, లాలి ఆయన మెడ మీద చెయ్యేసింది. రొమ్ము పోతే పోయింది, పానం నిలబెట్టు నాయనా, మిగిలిన సూదులు ఇప్పించమని తన భాషలో ఏడ్చింది. సభ చప్పట్లతో మారుమోగింది.

అధ్యక్షులవారు పరవశించి, "ఏమంటున్నదయ్యా?" అని పక్కనున్న గుమాస్తా బలరాంను అడిగారు. బలరాం భద్రుతండాలోనే పుట్టి, చదివి, ఉద్యోగమొచ్చాక ఖమ్మంలో ఇల్లు కట్టుకున్నవాడు. లాలికి తమ్ముడి వరుస. అతనికి ప్రతి మాటా అర్థమైంది.

"తమరు చల్లగా ఉండాలంటున్నది సార్."

అధ్యక్షులవారు మైకు అందుకున్నారు. "సోదరులారా! క్యాన్సరును జయించేది మందు కాదు, మనోధైర్యం! ఈ అడవిబిడ్డలను చూడండి. వీరికి రోగాలెక్కడివి?" అంటూ లాలికి శాలువా కప్పారు. కోసిన వైపు శాలువా నిలవక జారుతుంటే తానే సర్ది ఫొటో దిగారు.

కిందికి దిగాక లాలి బలరాంను నిలదీసింది. "తమ్మీ, నేనేమన్న, నువ్వేం చెప్పినవ్?"

"ఉన్నదున్నట్టు చెప్తే నా కొలువుంటదా అక్కా?"

"నీ కొలువుండాలె. నేనుండొద్దా?"

బలరాం అధ్యక్షులవారి కారు తలుపు తీయడానికి ఉరికాడు.

లాలి ప్రతిభ నలుదిక్కులా పాకింది. పర్ణశాలలో సభ జరిగితే లాలి, తల్లాడలో ప్రారంభోత్సవమైతే లాలి. సభ సభకూ కొత్త మెడ దొరికింది, ఏడుపు అదే. తెల్లబట్టలవాళ్లలో ఒక్కడికైనా మనసు కరగదా అని ఆమె ఆశ. బండి కిరాయి, బిర్యానీ పొట్లం, శాలువా ఇచ్చేవారు. హైదరాబాదుకూ తీసుకుపోయారు. బస్సు ఆమెను కోసిన ఆసుపత్రి గేటు ముందునుంచే పోయింది. ఆపమంటే, కళాబృందం బస్సు మధ్యలో ఆగరాదని నిబంధన చూపారు. అప్పటికి చంకలో మళ్లీ గడ్డ చేతికి తగులుతున్నది. ఆనాటి పాటలో కొత్త జీర పలికిందని రసికులు మెచ్చుకున్నారు.

ఆ మరుసటి సభ ఖమ్మంలో. లాలి ఈసారి మెడ పట్టుకోలేదు, రాగం తీయలేదు. మైకు పట్టుకుని తెలుగులో అడిగింది.

"నాకు క్యాన్సరున్నది. సగం సూదులు పడ్డయి, సగం పడలే. గడ్డ మళ్లొచ్చింది. శాలువలు పెట్టెడున్నయి సారూ, కప్పుకుంటే తగ్గుత లేదు. సూదులు ఇస్తరా, ఇయ్యరా?"

ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. ఈ మాటలకు తర్జుమా అక్కర్లేకపోవడంతో బలరాం చెప్పులు చూసుకుంటూ నిలబడ్డాడు. ప్రాచీన కళలో రాజకీయాలు చొరబడ్డాయని అధ్యక్షులవారు కంటతడి పెట్టారు. ఆ కంటతడికి సభ లేచి నిలబడింది.

లాలి బృందాన్ని రద్దు చేశారు. మర్నాడు ఆడవాళ్లు మామూలు చీరలు కట్టుకుని ఆరోగ్య మండలి ఆఫీసుకు పోతే, గేటు దగ్గరే పోలీసులు అడ్డుకున్నారు. అద్దాలుంటే కళాకారులు, లేకుంటే ఆందోళనకారులు. లాలి గేటు బయట కూర్చుంది. పక్క తండాల నుంచి గడ్డలున్న ఆడవాళ్లు ఇంకొందరు వచ్చి కూర్చున్నారు. గేటు తెరుచుకోలేదు.

సూదులు ఇంకా రాలేదు. ఆమె పాడిన పాత పాట మాత్రం క్యాసెట్టుగా వచ్చింది, బస్టాండులో దొరుకుతుంది. ఇంటికి తీసుకుపోయి నిశ్చింతగా వినవచ్చు. భాష తెలియదు గనక అన్నం తింటూ కూడా వినవచ్చు. చివర చప్పట్లు అందులోనే ఉన్నాయి, తమరు శ్రమపడనక్కర్లేదు.