నేపథ్య శబ్దం తొలగించబడింది

ఆ రోజు ఉదయం అనుకున్న పని చాలా సులువైనది. పొద్దున్నే మేనేజర్ గారి మాటలు రికార్డు చేయాలి, పాడ్‌కాస్ట్‌గా పెట్టాలి, మధ్యాహ్నం లోపు హెడ్డాఫీసులో డైరెక్టర్ మేడమ్ వినాలి. పైసా ఖర్చు కాకూడదని మేనేజర్ గారు ముందే చెప్పారు.

తాళాలు తయారుచేసే ఆ కంపెనీలో ఈ పని డిగ్రీకి అప్పగించారు. ఇంటి మొత్తం మీద మొదట డిగ్రీ చదివింది అతనే కావడంతో వీధిలో అంటుకున్న ఆ పేరు ఆఫీసు దాకా వెంట వచ్చింది. అతని ఒప్పందం ఆ శుక్రవారంతో ముగుస్తుంది. పాడ్‌కాస్ట్ బాగా వస్తే పొడిగిస్తామన్నారు. రాకపోతే ఏమిటన్నది వాళ్లు చెప్పలేదు, అతనూ అడగలేదు.

ఉచితంగా దొరికే యాప్ ఒకటి ఫోన్లో వేసుకున్నాడు. గోడలకు దుప్పట్లు కడితే గొంతు స్టూడియోలోలా పలుకుతుందని ఎక్కడో చదివి, ఇంట్లో ఉన్నవన్నీ మూటగట్టాడు.

"ఆఫీసులో పడుకోనిస్తున్నారట్రా?" అంది అమ్మ.

"గోడలకి కప్పడానికమ్మా."

"గోడలకి చలేస్తోందా? ఏమో, చదువుకున్నవాడివి, నీకే తెలియాలి."

శాంపిళ్ల గదిలో దుప్పట్లు వేలాడదీశారు. ఫోను పాతది, చార్జింగు పెట్టకపోతే నిలవదు. ప్లగ్గేమో వెంటిలేటర్ కిందే ఉంది. వెంటిలేటర్ అవతల క్యాంటీన్. అక్కడ, ఆఫీసంతా పిన్ని అని పిలిచే క్యాంటీన్ ఆవిడ, తన మొగుణ్ణి ఫోన్లో ఉతికి ఆరేస్తోంది.

"ఆ గోలేంటయ్యా?" అన్నారు మేనేజర్ గారు.

"పర్లేదు సార్. యాప్‌లో ఒక మీటుంది. నొక్కితే అనవసరమైన శబ్దమంతా పోతుంది."

పిన్నిని ఆపమని చెప్పే ధైర్యం ఇద్దరికీ లేదు. టీ ఆవిడ చేతిలో ఉంది.

మేనేజర్ గారు ఫోనుకు దూరంగా కుర్చీలో వెనక్కి వాలి, గడ్డం గుండెలకానించి, నమ్మకం గురించి మెల్లగా, చాలాసేపు సెలవిచ్చారు. డిగ్రీ మీట నొక్కాడు. "నేపథ్య శబ్దం తొలగించబడింది" అని వచ్చింది. మొదటి నిమిషం విన్నాడు. తన పరిచయం గంట కొట్టినట్టుంది. మిగతాది వినేలోపే లింకు ఏదంటూ హెడ్డాఫీసు నుంచి ఫోన్లు. పాడ్‌కాస్ట్ అలాగే పెట్టేసి, లింకు హెడ్డాఫీసుకూ ఇంట్లో అక్కకూ పంపాడు.

కాసేపటికి అక్క ఫోను చేసింది.

"ఒరేయ్, మీ మేనేజరు ఆడమనిషా?"

"కాదే. ఏం?"

"మరి ఆ అరుస్తున్నదెవర్రా?"

డిగ్రీ పాడ్‌కాస్ట్ తెరిచాడు. "ఇప్పుడు మన మేనేజర్ గారు తమ అనుభవాలు పంచుకుంటారు" అంది అతని గొంతు. వెంటనే పిన్ని అందుకుంది. "మనిషివేనా నువ్వు? ఈ కంపెనీ తాళం సంగతి తెలిసి కూడా తలుపు లాక్కుని పోతావా? చినుకు పడితే బిగుసుకుపోతుందని మొత్తుకున్నానా లేదా?"

గట్టిగా వినబడేది మనిషి, మెల్లగా వినబడేది శబ్దం అని యాప్ లెక్క వేసుకుంది. మేనేజర్ గారి ప్రసంగంలో మిగిలినవి రెండు దగ్గులు, అక్కడక్కడా "ఊఁ"లు.

తీసేద్దామంటే యాప్ ఓటీపీ అడిగింది. ఖాతా మేనేజర్ గారి నంబరుతో తెరిచింది కావడంతో అది ఆయన ఫోనుకు వెళ్లింది. డిగ్రీ ఆయన గదికి పరుగెత్తాడు.

"ఓటీపీనా? ఎవరడిగినా చెప్పొద్దని సర్క్యులర్ ఇచ్చిందే నేను కదయ్యా!"

"అడుగుతున్నది నేను సార్."

"మోసగాళ్లూ అచ్చం అలాగే అంటారు."

"మీ ఎదురుగానే ఉన్నాను కద సార్!"

"అందుకే ఇంకా అనుమానం. చెమటలు కూడా పడుతున్నాయి నీకు. ఇంతకీ ఎందుకు?"

"చిన్న... మెరుగు సార్."

"అక్కడ వాళ్లు వింటుంటే మధ్యలో మెరుగేంటయ్యా? కూర్చో."

అంతలో బల్ల మీద ఫోను మోగింది. డైరెక్టర్ మేడమ్. మేనేజర్ గారు మీసం సవరించుకుని స్పీకర్ పెట్టారు. డిగ్రీ కళ్లు మూసుకుని, ఇంట్లో ఈ సంగతి ముందు అక్కకు చెప్పాలా, అమ్మకు చెప్పాలా అని ఆలోచించాడు.

"అందరం కూర్చుని విన్నామండీ," అన్నారు మేడమ్.

"సంతోషం మేడమ్."

"మైకు దొరికితే వదలని మనిషి మీరు. అలాంటిది ఒక కస్టమర్ అంతసేపు కడిగేస్తుంటే ఒక్క మాట అడ్డం రాకుండా ఊఁ కొట్టారే! నాకైతే నోట మాట రాలేదు. వానకి బిగుసుకునే ఆ తాళం సంగతి రేపే చూస్తాం. ఇకమీదట వారం వారం ఇలాగే చేయండి."

మేనేజర్ గారు డిగ్రీ వైపు చూశారు. డిగ్రీ నేల వైపు చూశాడు.

"అది... మొదట్నించీ నా పద్ధతే మేడమ్," అన్నారు మేనేజర్ గారు, ఈసారి గట్టిగా.

శుక్రవారం సాయంత్రం డిగ్రీ ఒప్పందం ఏడాది పొడిగించారు. పిన్ని మైకు ముందున్నంతసేపూ టీ కాచే బాధ్యత అతనిదేనని ఆర్డరులో స్పష్టంగా ఉంది.