ఇచ్చట శ్రద్ధగా వినబడును

ప్రజల మొరలను అధికారులు ఇకపై పూర్తిగా వినవలెనని ఏలినవారు నిర్ణయించారు. ఆ కళలో శిక్షణ పొంది, కరువు సహాయ అధికారి దేవేంద్రప్ప గారు వేంపల్లెకు తిరిగి వచ్చి, కచేరీ గుమ్మానికి బోర్డు కట్టించారు.

మొరపెట్టుకునేవారి కళ్లలోకి చూడవలెను. అడ్డు తగలరాదు. తల ఊపవలెను. విన్నదాన్ని తిరిగి అప్పజెప్పవలెను. ఆ తరువాత ఏమి చేయవలెనో చెప్పే పాఠం నాడు మాష్టారికి జ్వరం తగిలింది.

మొదట వచ్చింది భీమక్క. ఆ కరువులో ఆమె ఊరికి ఆధారం ఒక్క గంజి కేంద్రం. అది కాస్తా మూతపడింది.

“గింజలు రాలేదని పొయ్యి ఆర్పేసినారు సామీ. పిల్లోళ్లు లేసి నిలబడలేకుండారు,” అంది.

దేవేంద్రప్ప గారు కుర్చీ దిగి ఆమె ఎదుట కూర్చున్నారు. “అంటే గింజలు రాక పొయ్యి ఆర్పేశారు. పిల్లలు నిలబడలేకున్నారు. నీ కడుపు తరుక్కుపోతోంది. అంతేనా తల్లీ?”

భీమక్క బోరుమంది. “మా ఇంటాయన గూడా నా మాట ఇంత ఓపిగ్గా ఇన్లేదు సామీ!” కళ్లు తుడుచుకుని, మనసు చల్లబడి వెళ్లిపోయింది. తన ఊరి పొలిమేరలో గంజి సంగతి గుర్తొచ్చి వెనక్కి వచ్చింది. ఆయన మళ్లీ విన్నారు. ఈసారి ఇంకా బాగా విన్నారు.

రానురాను కచేరీకి జనం తగ్గారు. నడిచే సత్తువ లేక రావడం లేదని భీమక్క చెప్పింది. ఫిర్యాదులు తగ్గినందుకు పైవారు మాత్రం దేవేంద్రప్ప గారిని మెచ్చుకున్నారు.

ఒకనాడు భీమక్క ఏడవలేదు. “నేను చెప్పిందే నాకు చెప్తాండావు. గంజి ఎప్పుడు పోస్తారో అది చెప్పప్పా!”

దేవేంద్రప్ప గారికి సిగ్గేసింది. అధికారికి తగని పనే అయినా, నిజంగానే సిగ్గేసింది. ఆ పూటే బస్సెక్కి, కొత్త రాజధాని కర్నూలులో గుడారం కింద కొలువున్న పై అధికారి ముందు నిలబడ్డారు. “గింజలు పంపకపోతే ఊరు దక్కదు సార్,” అని గొంతెత్తి అడిగారు.

పై అధికారి కలం పక్కన పెట్టి, కళ్లలోకి చూశారు. “గింజలు లేవు. ఊరు ప్రమాదంలో ఉంది. మీ మనసు క్షోభిస్తున్నది. అంతే కదా దేవేంద్రప్పా?”

ఉద్యోగంలో చేరాక ఆయన మాట ఒకరు వినడం అదే మొదలు. కళ్లు చెమర్చాయి. చేతులు జోడించి బయటికి వచ్చారు. బస్సు నంద్యాల దాటాక గాని గింజల సంగతి గుర్తు రాలేదు.

వేంపల్లెలో భీమక్క బస్సుకు ఎదురొచ్చింది. “ఇన్నారా సామీ వాళ్లు?”

“శానా బాగా విన్నారమ్మా,” అన్నారాయన, తల దించుకుని.

పాఠకులు కూడా ఇంతవరకు ఓపిగ్గా విన్నారు. అందుకు కృతజ్ఞతలు. భీమక్క ఊళ్లో గంజి మాత్రం ఇంకా పొయ్యలేదు.