గాయపడని నియాన్

ఇకమీదట అమెరికా ప్రభుత్వ సొమ్ముతో ఏ పరమాణువునూ గాయపరచడానికి వీల్లేదని ఇంధన శాఖ ఉపమంత్రి రాండల్ ప్రుయిట్ గారు ప్రకటించారు. పరమాణువుల మీద ఇంత దయ ఇంతవరకు ఏ ప్రభుత్వమూ చూపలేదు.

కాలిఫోర్నియా కొండల్లోని ఎక్స్‌రే లేజర్ ప్రయోగశాలలో ఈ వార్త విన్నప్పుడు మరీబెల్ ఒచోవా బరీటో తింటోంది. దాన్ని సగంలోనే పక్కన పెట్టేసింది. పరమాణువులను గాయపరచడమే ఆమె ఉద్యోగం. ఎక్స్‌రే కాంతి నియాన్ వాయువు మీద పడితే, ముందొచ్చిన ఫోటాన్లు పరమాణువుల్లోని ఎలక్ట్రాన్లను ఊడగొడతాయి. వెనకొచ్చినవి ఆ దెబ్బతిన్న పరమాణువులకు తగిలి చెదురుతాయి. అవి చెదిరే తీరు మామూలుగా ఉండదు. ఆ తేడా కొలిస్తే గానీ, ఈ కాంతితో ప్రోటీన్లకు తీసే బొమ్మలను నమ్మడానికి లేదు. ఏడాదికి పైగా కాచుకుంటే ఆ లేజర్ మీద ఆమెకు దక్కింది ఒకే ఒక్క పగటి షిఫ్టు. అది పోతే మళ్ళీ వరుసలో నిలబడాలి. ఈలోగా ఉద్యోగం గడువు తీరిపోతుంది.

ఉత్తర్వు ఇంకా చేతికి రాలేదు గనక షిఫ్టు రద్దు కాలేదు. సరిగ్గా ఆ షిఫ్టుకే ఉపమంత్రిగారు విచ్చేశారు. ప్రయోగం నడుస్తుండగా, కిరణం పడే సీసపు గోడల గదిలో నిలబడి ఫోటో దిగాలని ఆయన ముచ్చట. అక్కడ మనిషి ఉంటే కిరణం రాదు. ఒకరు లోపల మూలమూలా వెతికి, గోడలమీది బటన్లు నొక్కి, బయటికొచ్చి తలుపు మూస్తేనే కిరణానికి అడ్డుగా ఉండే షట్టర్ తెరుచుకుంటుంది. మరీబెల్ ఈ మాట డైరెక్టర్ ఫిస్క్ చెవిలో వేసింది.

"ఆయనకవన్నీ ఎందుకమ్మా," అన్నాడు ఫిస్క్. "ఎక్స్‌రే కంటికి కనబడదు కదా. ఫోటోలో ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే."

ఉపమంత్రిగారు ఎంతో శ్రద్ధగా ప్రశ్నలు వేశారు. ఎలక్ట్రాన్ పోయిన పరమాణువును అయాన్ అంటారని, కొన్నిట్లో ఎలక్ట్రాన్ పోకుండా పై మెట్టుకు ఎగురుతుందని, వాటిని ఉత్తేజిత పరమాణువులంటారని మరీబెల్ ఓపిగ్గా చెప్పింది.

"పోయిన ఎలక్ట్రాన్ సంగతేంటి? మీరు తెచ్చిస్తారా?"

"లేదు సార్. కొంచెం ఆగితే ఆ పరమాణువే ఎక్కణ్ణుంచో ఇంకోటి తెచ్చుకుంటుంది."

"మా శాఖ విధానమూ అదేనండీ," అన్నారాయన సంతోషంగా.

హెల్మెట్ పెట్టుకుని ఒక ఫోటో, తీసేసి ఒక ఫోటో, టీవీవాళ్ళతో ఒక ఇంటర్వ్యూ అయ్యాయి. అందరూ బయటికెళ్ళాక మరీబెల్ పరుగున గదంతా వెతికింది. చివరి బటన్ నొక్కబోతుంటే ఆయన కళ్ళజోడు కోసం వెనక్కొచ్చారు. మళ్ళీ మొదటినుంచి వెతికింది. ఈసారి కళ్ళజోడు పెట్టుకుని ఫోటో దిగలేదని గుర్తొచ్చి వచ్చారు. ఇంతలో షిఫ్టు అయిపోయింది. తర్వాతి బృందం తమ నమూనాలతో గుమ్మంలో నిలబడింది. మరీబెల్‌కు ఏడుపొచ్చింది, ఆయన మీద కన్నా ఫిస్క్ మీద ఎక్కువ మండింది.

ఆ సాయంత్రం హాల్లో, విలేకరుల ముందు పెద్ద తెరమీద, ప్రయోగశాల డిటెక్టర్ ఆ రోజు తీసిన బొమ్మ వేశారు. తెరంతా నల్లగా ఉంది. ఇదేమిటని ఒక విలేకరి అడిగింది.

"ఇందులో దెబ్బతిన్న పరమాణువు ఒక్కటైనా కనిపిస్తోందా?" అని ప్రుయిట్ గారు ఎదురడిగారు. కనిపించలేదని అందరూ ఒప్పుకున్నారు. ఆయన మరీబెల్ వైపు తిరిగారు. "మీరు చెప్పండి డాక్టర్. ఇవాళ ఎన్ని అయాన్లు అయ్యాయి?"

"ఒక్కటీ లేదు సార్," అంది మరీబెల్. ఫిస్క్ కళ్ళతో వారిస్తున్నా ఆగలేదు. "అసలు కిరణమే వెయ్యలేదు."

"విన్నారా? పద్ధతి కూడా చెప్పేశారు," అన్నారు ఉపమంత్రిగారు. చప్పట్లతో హాలు దద్దరిల్లింది.

మర్నాడు ఫిస్క్ ఆమె గదికి నడిచొచ్చి మరీ చేయి కలిపాడు. వచ్చే ఏడాది పగటి షిఫ్టులన్నీ ఆమెవేనట. ఉద్యోగం కూడా పర్మనెంటు చేశారట.

"మరి కిరణం ఎప్పట్నుంచి ఇస్తారు సార్?" అని అడిగింది మరీబెల్.

"దాని జోలికి మాత్రం వెళ్ళకమ్మా," అన్నాడు ఫిస్క్. "ఇంత మంచి ఫలితాలొస్తుంటే, చేజేతులా పాడుచేసుకుంటావా?"