ఇంధనం: ఉగాలి

మానవజాతి వాణిజ్య చరిత్రను ఇకమీదట రెండు భాగాలుగా చదువుకోవాలి. మా బుమాంగి గేటు దగ్గర నబ్వీరె అనే ఆవిడ మూడు చక్రాల బండిని ప్రభుత్వం ఆపక ముందు ఒకటి, ఆపిన తర్వాత రెండోది. పాఠ్యపుస్తకాలు రాసేవాళ్లు ఇంకా మేలుకోలేదు గానీ, ఆ గేటు పక్కనే పదిహేడేళ్లుగా ఫోటో స్టూడియో, జిరాక్సు మెషీను, దరఖాస్తులు నింపే బల్ల నడుపుతున్న నాకు ఈ విషయంలో అనుమానం లేదు. ఇవతల కెన్యా, అవతల యుగాండా, మధ్యలో గేటు, గేటు పక్కన నేను. ఎవరు ఎటు పోవాలన్నా ముందు నా స్టూలు మీద కూర్చుని నవ్వకుండా ఫోటో దిగాలి.

ఆపక ముందు సంగతి మొదట చెబుతాను. మా గేటు దగ్గర ఎక్కడా రాసిపెట్టని పద్ధతి ఒకటి ఉండేది. పోలియో వచ్చినవాళ్లు, కాళ్లు పోయినవాళ్లు చేతులతో తొక్కే మూడు చక్రాల బండి మీద వస్తే వాళ్లను ఎవరూ ఆపరు. చాలాకాలం కిందట ఇక్కడ పనిచేసిన కస్టమ్స్ అధికారి ఒకాయన, "నిలబడలేని మనిషిని లైన్లో నిలబడమనడానికి నాకు నోరు రాదు" అన్నాడట. ఆయన రిటైరయ్యాడు, తర్వాత పోయాడు కూడా. ఆయన మాట మాత్రం డ్యూటీలోనే ఉండిపోయింది. అందుకని ఊళ్లో చిన్న వ్యాపారం చేసుకునే ఆడవాళ్లు తమ టమాటాలూ ఎండు ఒమెనా చేపలూ ఆ బండ్ల మీద వేసి, తాము ఖాళీ చేతులతో పక్కన నడిచేవాళ్లు. తొక్కినవాళ్లకు కూలి వచ్చేది, ఆడవాళ్లకు సరుకు కుళ్లకముందే సంత అందేది. (ప్రభుత్వానికి ఏం వచ్చేదని అడక్కండి. అడగాలని అప్పట్లో ప్రభుత్వానికే తోచలేదు.)

ఉన్న పన్నెండు బండ్లలో అన్నిటికంటే ముందుండేది నబ్వీరెది. ఆవిడకి నలభై రెండేళ్లు. చిన్నప్పుడే పోలియో. భుజాలు చూస్తే బస్తాలు మోసే మగవాళ్లు కూడా దారి ఇస్తారు, నోరు అంతకంటే బలమైనది. రోజుకు పదిసార్లు గేటు దాటేది. ఇద్దరాడపిల్లల చదువు, రేకుల ఇల్లు ఆ పదిసార్ల మీదే నడిచేవి. గేటు కాపలా ఎటియాంగ్ చేసే తనిఖీ ఇలా ఉండేది.

"ఏంటక్కా, ఇవాళ బస్తాలో ఏముంది?"

"మీ అత్తగారు. కదిలించకు, ఇప్పుడే నిద్రపోయింది."

"అయితే తొందరగా అవతలికి తీసుకుపో, దణ్ణం పెడతాను."

ఇటువంటి చీకటి రోజుల్లో మా ఊరికి వెలుగు వచ్చింది. దాని పూర్తి పేరు 'అందరినీ కలుపుకుపోయే, భూమిని నొప్పించని అంతర్జాతీయ వాణిజ్య, పెట్టుబడుల విధానం'. రాజధానిలో పదకొండు సదస్సులు పెట్టి రాశారు. రెండువందల నలభై పేజీలు. మా ఊరికి కావలసిన కాపీలు నేనే తీశాను కాబట్టి చెబుతున్నాను, ముప్పయ్యో పేజీ దగ్గర మెషీను వేడెక్కి ఆగిపోయింది. దాన్ని కలుపుకుపోవడానికి నాకు రెండు రోజులు పట్టింది.

విధానాన్ని వెంటబెట్టుకుని ఉపసంచాలకుడు లుగాలియా గారు వచ్చారు. మంచి మనిషి. అసలు కష్టం అక్కడే వచ్చింది. చెడ్డవాడైతే ఏదో ఒకటి చేతిలో పెట్టి బస్సెక్కించేవాళ్లం. ఈయన మాండాజీ బూరె తిన్నా, టీ తాగినా డబ్బులిచ్చి రసీదు అడిగేవాడు. వచ్చిన మొదటి ఉదయమే గేటు మధ్యలో నిలబడి, మామా అజియాంబో (ఇక్కడ మామా అంటే అమ్మ) టమాటా బుట్టలతో వస్తున్న నబ్వీరె బండిని స్వయంగా చెయ్యెత్తి ఆపాడు. ఎటియాంగ్ తలతిప్పుకున్నాడు.

"అమ్మా, మీరు ఈ గేటును ఏ హోదాలో దాటుతున్నారు?"

"కూర్చుని, సారూ."

"అది కాదమ్మా. ఇన్నేళ్లుగా మిమ్మల్ని ఈ వ్యవస్థ పట్టించుకోలేదు. ఎవరూ ఆపలేదు, ఒక్క ప్రశ్న అడగలేదు, ఒక్క కాగితం ఇవ్వలేదు. తలుచుకుంటే బాధేస్తోంది."

"మాకు హాయిగానే ఉంది సారూ."

"అన్యాయం అలవాటైపోయింది పాపం," అని ఆయన పుస్తకంలో రాసుకున్నాడు. ఆయన కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి, నేను చూశాను. తర్వాత బండిని పక్కకు తీయించి, తొమ్మిదో నంబరు దరఖాస్తు నింపి తెమ్మని నా బల్ల దగ్గరికి పంపాడు.

తొమ్మిదో నంబరు పద్నాలుగు పేజీలు. (చిన్న వ్యాపారుల సౌకర్యార్థం కుదించినది.) మొదటి గడిలోనే చిక్కు వచ్చింది. సరుకు నబ్వీరెది కాదు కాబట్టి ఆవిడ వ్యాపారి కాదట. బండి మాత్రం ఆవిడదే కాబట్టి పెట్టుబడిదారు. బండి ముందు చక్రం యుగాండాలో కొన్న పాత సైకిల్ది. మూడు చక్రాల్లో ఒకటి పరాయి దేశానిది అంటే ముప్పైమూడు శాతం విదేశీ పెట్టుబడి అని లుగాలియా గారు వేళ్ల మీద లెక్కగట్టి అభినందించారు.

"నేను విదేశీ కంపెనీనా?" అంది నబ్వీరె.

"మూడో వంతు," అన్నాను.

"ఏ మూడో వంతయ్యా? నడుం పైదా, కిందిదా?"

వెనకాల మామా అజియాంబో మొత్తుకుంటోంది. "ఎండెక్కుతోందిరా నాయనా! మీ వంతులు తర్వాత తేల్చుకుందురు గానీ, నా టమాటాలు మెత్తబడిపోతున్నాయి!"

పదకొండో పేజీ భూమిని నొప్పించకపోవడం గురించి. 'వాహనపు ఇంధనం' అని ఉండి, పక్కన డీజిల్, పెట్రోలు, కరెంటు, ఇతరములు అని నాలుగు గళ్లున్నాయి. ఖాళీ వదిలితే దరఖాస్తు చెల్లదు. నేను కలం పట్టుకుని అడిగాను.

"బండి దేంతో నడుస్తుంది?"

"నీ కళ్లకి కనిపించట్లేదా? చేతుల్తో."

"చేతులు దేంతో నడుస్తాయి?"

"ఉగాలితో! పొద్దున ఇంత మొక్కజొన్న ముద్ద, రాత్రి ఇంత ముద్ద. రాసుకో."

రాసేశాను. ఇతరములు: ఉగాలి. ఇద్దరం కాసేపు నవ్వుకున్నాం. నా జీవితంలో నేను వేసిన జోకులన్నిటిలో ప్రభుత్వం శ్రద్ధగా పట్టించుకున్నది ఇదొక్కటే.

ఫోటో దగ్గర కూడా ఆలస్యమైంది. స్టూలు మీద కూర్చోబెట్టి, "నవ్వకూడదక్కా" అన్నాను. "సరే, ఇంతకీ ఈ విధానం పేరేంటో చెప్పు," అంది. పూర్తి పేరు చెప్పాను. సరిగ్గా 'భూమిని నొప్పించని' దగ్గర ఆవిడ పగలబడి నవ్వింది, నా వేలు నొక్కేసింది. పళ్లన్నీ కనిపిస్తూ, మెడ వెనక్కి వాల్చి, చూసినవాళ్లకి తెలియకుండానే నవ్వొచ్చే ఫోటో. అదే అంటించి పంపాం.

మూడు వారాలకు జవాబొచ్చింది. ఫోటో తిరస్కరించారు. 'దరఖాస్తుదారు ముఖంలో సంతోషం కనబడుచున్నది. వైకల్య ధ్రువీకరణకు ఇది పొసగదు.' ఉగాలి సంగతి చూడటానికి ఐదుగురితో ఇంధన ఉపసంఘం వేశారు. ఉపసంఘం ఏడు ప్రశ్నలు పంపింది. కిలోమీటరుకు ఎంత ఉగాలి ఖర్చవుతుంది, ఆకుకూరతోనా కూర లేకుండానా, పిండి ఏ దేశపు మొక్కజొన్నది, దేని మీద వండుతారు, ఇలా. లుగాలియా గారు వాటిని నా బల్ల దగ్గరే కూర్చుని చదివి వినిపించారు.

"పిండి ఎక్కడ కొంటారమ్మా?"

"గేటు అవతల, సారూ. అక్కడ చవక."

"అంటే దిగుమతి ఇంధనం." ఆయన మొహం చిన్నబోయింది. "అది ఫలానా దేశంలో పండిందని వాళ్ల అధికారి పత్రం ఇవ్వాలి. మీరే వెళ్లి తెచ్చుకోవాలి."

"ఎలా వెళ్లను? మా బండ్లకి గేటు మూసేశారుగా మీరు?"

"దరఖాస్తు ఆమోదం పొందగానే తెరుస్తాం."

"ఆమోదం ఎప్పుడొస్తుంది?"

"ఆ పత్రం తేగానే." ఆయన చెప్పిన తీరులో ఎగతాళి ఇసుమంతైనా లేదు. "ఇక వంట. కట్టెల మీద వండుతారా?"

"మరి అరచేతిలో వండుతారా సారూ?"

"కట్టెలంటే చెట్లు, చెట్లంటే అడవి," అని ఆయన నిట్టూర్చాడు. "చూస్తే చిన్న బండే గానీ, భూమి మీద దీని భారం చాలా ఉందమ్మా."

అదే క్షణాన ముప్పై లారీలున్న ఒక కంపెనీ వారి లారీ నల్లటి పొగ వదులుతూ గేటు దాటిపోయింది. (కంపెనీ పేరు చెప్పను. లారీల మీద నిలువెత్తు అక్షరాలతో ఉంది.) పొగ తగ్గేదాకా నబ్వీరె దగ్గింది.

"మరి దాని సంగతేంటి సారూ?"

"ఆ కంపెనీ వెయ్యి మొక్కలు నాటింది."

"ఎక్కడ?"

"వాళ్ల క్యాలెండర్లో ఫోటో ఉంది."

నెలలు గడిచాయి. పన్నెండు బండ్లూ నా స్టూడియో గోడ వారగా వరసగా నిలిచి ఉండేవి, వాటిలో పన్నెండు మంది టోకెన్లు పట్టుకుని కూర్చునేవాళ్లు. ఇప్పుడు వాళ్లకు కాగితాలున్నాయి, నంబర్లున్నాయి, ఎండ తగలకుండా ప్రభుత్వం వేసిన నీలం పరదా కూడా ఉంది. కూలి మాత్రం లేదు. మామా అజియాంబో బుట్ట నెత్తిన పెట్టుకుని రెల్లు పొదల వెనక ఎలుకదారి అనే దొంగదారిన పోవడం మొదలుపెట్టింది. ఒకసారి కాపలావాళ్లు తరిమితే కాలవలో పడి, బుట్టంతా పోగొట్టుకుని, మోకాలు కొట్టుకుని వచ్చింది. నబ్వీరె పెద్దకూతురు స్కూలు మాని అవతలి ఒడ్డున ఎవరింట్లోనో పనికి కుదిరింది. "నా బదులు అదన్నా గేటు దాటుతోంది," అంది నబ్వీరె. టోకెను అంచుతో బండి పిడి మీది తుప్పు గోకడం మొదలుపెట్టింది. నాకు ఎవరి మీద కోప్పడాలో తెలియక జిరాక్సు మెషీను మూత గట్టిగా వేశాను.

ఈ దశలోనే విధానానికి ఒక ముఖం కావలసి వచ్చింది. లుగాలియా గారు ఒక మధ్యాహ్నం నా స్టూడియోలోకి వచ్చి, గోడకు తగిలించిన ఫోటో ముందు ఆగిపోయారు. ఆ తిరస్కరించిన నవ్వు ఫోటోయే.

"ఇదే!" అన్నాడాయన. "రెండువందల నలభై పేజీల్లో మేం చెప్పలేకపోయింది ఇందులో ఉంది."

(నా ఉద్దేశమూ అదే.)

బయటికెళ్లి నబ్వీరెను మర్యాదగానే అడిగారు. "అమ్మా, మీ ఫోటో వాడుకుంటాం, అభ్యంతరం లేదు కదా?"

"వాడుకోండి. గేటు తెరుస్తారా?"

"ఆ దిశగానే వెళ్తున్నాం."

ఆవిడ వేలిముద్ర వేసింది. నేనే సిరా పెట్టె అందించాను. నెల తిరిగేలోగా కొత్త నిబంధన వచ్చింది. బలహీనవర్గాలను కలుపుకుపోయే సంస్థల వాహనాలు విధానపు గుర్తు అంటించుకుంటే గేటు దగ్గర ఆగనక్కర్లేదు. గుర్తు అంటే నబ్వీరె ఫోటో. ముప్పై లారీల కంపెనీ వారు ఎలాంటి దరఖాస్తైనా నాలుగు రోజుల్లో నింపగలవారు. (వాళ్లకు అందుకో ప్రత్యేక విభాగం ఉంది.) రోజూ ఓసారి పోయి ఓసారి వచ్చే ఆ ముప్పై లారీల తలుపుల మీదా నిలువెత్తు నబ్వీరె వెలిసింది. పళ్లన్నీ కనబడేలా నవ్వుతూ లారీ వస్తే ఎటియాంగ్ చెయ్యి పాత అలవాటుకొద్దీ గేటు తెరవడానికి పోయేది.

మొదటి లారీ వెళ్లిన రోజు నబ్వీరె టోకెను పట్టుకుని పరదా కింద ఉంది. తన మొహం తన పక్కనుంచే వెళ్లిపోతుంటే తల తిప్పి చివరిదాకా చూసింది.

"ఏం తీసుకెళ్తున్నారన్నా అందులో?"

"టమాటాలు," అన్నాను. అబద్ధం చెప్పి ఉండాల్సింది.

"ఎక్కడికి?"

"కంపాలాకి."

"నేనెప్పుడూ అంతదూరం పోలేదు," అంది.

నిన్న మొదటి సంవత్సరపు నివేదిక వచ్చింది. మంచి కాగితం, రంగుల అచ్చు. అట్ట మీద నేను తీసిన ఆ నవ్వు ఫోటో, లోపలి పేజీలో చిన్న అక్షరాలతో నా పేరు కూడా వేశారు. నబ్వీరె చదవమంది. ఆవిడ గురించి ఉన్న వాక్యాలు గట్టిగా చదివి వినిపించాను: 'విధానానికి పూర్వము రోజుకు పదిసార్లు మాత్రమే సరిహద్దు దాటగలిగిన వికలాంగ మహిళ శ్రీమతి నబ్వీరె, నేడు రోజుకు అరవైసార్లు దాటుచున్నారు. ఆమెను ఒక్కసారి కూడా ఎవరూ ఆపలేదు.'

ఆవిడ టోకెను ఒళ్లో పెట్టుకుని, కుడిచేత్తో ఎడమ భుజం నిమురుకుంది.

"అరవైసార్లా! అందుకేనేమో అన్నా, భుజాలు ఇలా పీకుతున్నాయి."