కుక్కలకు పుస్తకం, ఆడవాళ్ళకు గ్రహణం

మేనరికానికి ముందు రక్తపరీక్ష చేయించుకోమనే డాక్టర్లను ఊళ్ళోకి రానివ్వకూడదు! ఇది నా దృఢమైన అభిప్రాయం. తమిళనాడు రాజపాళయంలో శంకరగారిదీ ఇదే మాట గనుక నాకు ధైర్యం ఎక్కువ.

మేనరికంలో ఉన్న సుఖం ఇంకెందులో ఉంది చెప్పండి? అత్తగారు ఎలాంటిదో వాకబు చేయనక్కర్లేదు, పుట్టినప్పటి నుంచీ తిడుతూనే ఉంది. శుభలేఖలు సగం అచ్చు వేయిస్తే సరి, రెండు వైపుల చుట్టాలూ వాళ్ళే! గోడమీద తాతగారి ఫొటోకు ఒక్క దండ చాలు, ఇరుపక్షాలూ దండం పెట్టుకోవచ్చు.

ఇంత చక్కని ఏర్పాటుకు అడ్డుపడింది సైన్సు. ఎక్కడో యూరప్‌లో ఒక సన్యాసి బఠానీ మొక్కలు నాటి, పొడుగువెన్ని, పొట్టివెన్ని అని లెక్కపెట్టాడట. సన్యాసికి సంసారుల గొడవెందుకు? తర్వాత కొందరు దొరలు ఆ లెక్క పట్టుకుని మనుషుల్లోనే మంచి జాతి, చెడ్డ జాతి అని ఏరి ఘోరాలు చేశారు. మనం అంత పాపాత్ములం కాము. మనం జాతి చూసేది కుక్కల్లోనూ, పెళ్ళిళ్ళలోనూ మాత్రమే.

శంకరగారికి కుక్కలంటే ప్రాణం. తెల్లటి ఒళ్ళు, గులాబి ముక్కు ఉన్న అసలైన రాజపాళయం కుక్కల్ని పెంచుతారు. ఏ కుక్కకు తల్లి ఏది, తాత ఏది అని ఏడు తరాలు రాసిన పుస్తకం బీరువాలో భద్రంగా ఉంటుంది. ఒకే ఇంటి నెత్తుటిని జత కడితే చెవిటి పిల్లలు పుడతాయని ఆయన భయం. మొన్న సేత్తూరు నుంచి ఒకాయన మగకుక్కను తెస్తే, పుస్తకం చూసి, కాఫీ ఇచ్చి పంపేశారు.

ఆయన కూతురు జననికి, ఆయన అక్క సుగంధి కొడుకు నరేన్‌తో పెళ్ళి కుదిరింది. ఇద్దరికీ ఇష్టమే. అయితే నరేన్ అన్న హరిహరన్‌కు పుట్టుకతోనే చెవుడు.

"మదురైకి పోయి టెస్ట్ తీసుకొని వస్తాము నాయనా" అంది జనని.

"టెస్ట్ ఏంటికి? మన రక్తంలో ఏం కొదవ ఉండాది? కడుపుతో ఉండి గ్రహణం పొద్దు మీ అత్త వంకాయలు కోసింది, దానితో వచ్చినది అది!"

ముప్పై ఏళ్ళుగా సుగంధి ఈ మాట వింటూనే ఉంది. వంకాయ కూర వండటం ఎప్పుడో మానేసింది. ఎంత చవకైన వైద్యశాస్త్రం! మిషన్లు అక్కర్లేదు. ఒక ఆడది, ఒక కత్తిపీట చాలు.

మర్నాడు జనని కుక్కల పుస్తకంలో మాదిరే గీతలు గీసి, పేర్లు రాయకుండా, చెవిటిదానికి మాత్రం గుర్తు పెట్టి ఒక కాగితం తెచ్చింది. "తళవాయిపురంలో ఒకరు అడిగినారు నాయనా. ఈ జత కట్టవచ్చునా?"

శంకరగారు కళ్ళద్దాలు పెట్టుకున్నారు. "ఎవుడమ్మా ఈ తెలివిలేనోడు? మగదాని తల్లిని దాని మేనమామకే కట్టినారు. ముందు ఈతలోనే చెవిటిది పుట్టింది. మళ్ళీ అదే ఇంటి ఆడదాన్ని తెస్తాడా? డాక్టరుకు చూపించకుండా కూడదు అని చెప్పు!"

జనని పెన్సిల్ తీసి పేర్లు నింపింది. పైన సుబ్బమ్మాళ్, శంకరగారి తల్లి. పక్కన ఆమె తమ్ముడు, సుగంధిని చేసుకున్న మేనమామ. కింద సుగంధి, శంకర. వాళ్ళ కింద హరిహరన్, నరేన్, జనని.

ఆయన ఒక్కొక్క పేరు మీదా వేలు పెట్టి చదివారు. తర్వాత ఫోన్ తీశారు.

"అక్కా, రేపు పిల్లలతో నేనూ మదురైకి పోతాను. ఆ పొద్దు నువ్వు కోసిన వంకాయలో ఏమీ లేదక్కా."

"ముప్పై ఏండ్లయినాక ఇప్పుడు చెప్తావా రా?" అంది సుగంధి.

అందుకే అంటున్నాను, ఈ టెస్టుల్ని నిషేధించాలి! రక్తంలో ఉన్నది రక్తంలోనే ఉందని తేలిపోతే, రేపు గ్రహణం పట్టినప్పుడు ఏ ఆడదాన్ని నిందిస్తాం? చూడండి, ఆదివారం మార్కెట్‌లో సుగంధి అప్పుడే వంకాయలు ఏరుకుంటోంది.