లోపం లేని పొయ్యి

గడిచిన ముప్పై ఏళ్లలో మా క్విగ్లీ పాండ్ ఊళ్లో కట్టెల పొయ్యి పెట్టుకున్న ఇళ్లు నూట పన్నెండు. అన్నిటినీ అగ్నిమాపక దళం చీఫ్ హాలిస్ గ్రిండల్ గారు స్వయంగా తనిఖీ చేసి, 'సురక్షితం' అని సంతకం పెట్టారు. వాటిలో తొమ్మిది ఇళ్లు ఇప్పుడు లేవు. సంతకాలు మాత్రం నూట పన్నెండూ టౌన్ ఆఫీసులో భద్రంగా ఉన్నాయి. ఆఫీసు ఇటుకల కట్టడం. అందులో పొయ్యి లేదు.

మా ఊళ్లో పొగగొట్టం అంటుకోవడాన్ని ప్రమాదమని ఎవరూ అనరు. జనవరి వచ్చిందంటే ఎవరో ఒకరి గొట్టంలో పేరుకున్న మసి తారు భగ్గుమంటుంది. దళంలో ఉన్న పద్దెనిమిది మంది ట్యాంకర్ వేసుకుని వెళ్తారు. ఆర్పేశాక ఆ ఇంటావిడ కాఫీ, డోనట్లు పెడుతుంది. మగవాళ్లు మంచులో నిలబడి, పోయిన ఏడాది ఎవరిది ఎంత ఎత్తున లేచిందో మాట్లాడుకుంటారు. మా ఆయన డెల్విన్ కూడా ఆ దళంలో సభ్యుడే. పన్నెండేళ్లుగా ఆయన నీళ్ల గొట్టం పట్టుకున్నాడు గాని, ఆ కబుర్లలో నోరు విప్పే అర్హత రాలేదు. మాది కరెంటు హీటర్ల కొంప.

నిరుడు జనవరిలో మంచువాన కురిసి, తీగలు తెగి, ఆరు రోజులు కరెంటు లేదు. మా అత్తయ్య థర్జాకు ఎనభై మూడేళ్లు. ఆవిడ ఆ ఆరు రోజులూ నాలుగు బొంతల కింద, పోయిన మామయ్య గారి వేట కోటు తొడుక్కుని, కుక్కను కాళ్ల మీద పడుకోబెట్టుకుని గడిపింది. ఏడో రోజు లైటు వెలగగానే మమ్మల్నిద్దరినీ పిలిచి ఒకే మాట చెప్పింది. "వచ్చే చలికాలం నా కాళ్లు ఉన్నాయో లేదో చేత్తో తడిమి చూసుకునే ఖర్మ నాకొద్దు."

అలా మేం పొయ్యి కొనడానికి నిశ్చయించుకున్నాం.

ఎలాంటిది కొనాలో ఊరంతా చెప్పింది. అందరూ ఒకటే చెప్పారు: పెద్దది. మా ఊళ్లో మగవాడి పరపతి పొయ్యి సైజును బట్టి ఉంటుంది. దుకాణంలో డెల్విన్ నేరుగా వెళ్లి, ఒక దూడ పట్టేంత పొయ్యి ముందు టోపీ తీసి నిలబడ్డాడు. దుకాణపామె "మీ ఇల్లెంత?" అని అడిగింది. చెప్పాను. "ఇది చర్చికి సరిపోతుందమ్మా. మీ ఇంట్లో పెడితే వేడికి తట్టుకోలేక గాలి మూసేస్తారు, మంట ఊపిరాడక పొగలు కక్కుతుంది, ఆ పొగే గొట్టంలో తారై కూర్చుంటుంది. మంట ఆడేది చిన్న పొయ్యిలోనే" అంది. అమ్మడానికి కూర్చున్న మనిషి చిన్నది కొనమనడం నా జీవితంలో మొదటిసారి కాబట్టి నమ్మాను. చిన్నది తెచ్చుకున్నాం.

ట్రక్కులోంచి దించుతుంటే పక్కింటి లిన్‌వుడ్ కంచె మీద మోచేతులు ఆన్చి, "ఏమోయ్ డెల్విన్, ఇది పొయ్యా, ఉత్తరాల డబ్బానా?" అన్నాడు. డెల్విన్ రెండు రోజులు గడ్డం గీసుకోలేదు.

పొయ్యితో పాటు అరవై నాలుగు పేజీల పుస్తకం వచ్చింది. మా ఊళ్లో ఆ పుస్తకాన్ని మొదటి మంట వెలిగించడానికి వాడతారు. కాగితం పొడిగా ఉండి చక్కగా అంటుకుంటుంది. నేను చదివాను. ఆ సంగతి బయటికి పొక్కి, చర్చిలో ఇద్దరు ఆడవాళ్లు నా ఆరోగ్యం గురించి వాకబు చేశారు.

పుస్తకం ప్రకారం మండే వస్తువేదైనా పొయ్యికి ముప్పై ఆరు అంగుళాల దూరంలో ఉండాలి. టేపు పట్టుకుని కొలిచాను. సోఫా వెనక్కి జరిగింది, పుస్తకాల బీరువా మేడెక్కింది, డెల్విన్ కుర్చీ వంటింట్లోకి వలస పోయింది. కింద రాతి పలకలు పరిచాం. గొట్టం బిగించడానికి జిల్లా కేంద్రం నుంచి ఆ పని నేర్చుకుని పరీక్ష రాసిన మనిషిని పిలిపించాను. అతను రెండు పొరల గొట్టం తెచ్చి, కప్పులోంచి తిన్నగా పైకి తీసి, కప్పు దాటాక మూడడుగుల ఎత్తున నిలిపాడు. పొగ వస్తే మోగే గంట, విషవాయువు వస్తే మోగే గంట, బూడిదకు మూత ఉన్న ఇనుప బకెట్, అన్నీ అమర్చాం. కట్టెలు అంతకుముందు ఏడాది చీల్చి ఎండబెట్టినవే కొన్నాం.

ఊరు దీన్ని అవమానంగా తీసుకుంది. లిన్‌వుడ్ వచ్చి గుమ్మంలో నిలబడి, "బయటి నుంచి మనిషిని పిలిపించారటగా? మేమంతా చచ్చామా?" అన్నాడు.

"ఇంకా లేదు నాయనా" అంది అత్తయ్య, అల్లికలోంచి తలెత్తకుండా.

ఇక మిగిలింది సంతకం. చీఫ్ గారి తనిఖీ పత్రం డిసెంబరు ఒకటిలోగా అందకపోతే ఇంటి బీమా రద్దు చేస్తామని కంపెనీ రాసింది. అది అందేదాకా పొయ్యి వెలిగించకూడదని కూడా రాసింది. నవంబరు సగమైంది. అత్తయ్య కొత్త పొయ్యి ముందు శాలువా కప్పుకుని, చల్లటి ఇనుముకేసి చూస్తూ కూర్చుంటోంది.

చీఫ్ గారి తనిఖీ పద్ధతి జిల్లా అంతటా ప్రసిద్ధి. ముందు ఇంటావిడ యాపిళ్లతో చేసిన 'పై' అనే తీపి రొట్టె తింటారు. తరవాత పొయ్యి వెనక గోడ మీద అరచెయ్యి ఆన్చి కళ్లు మూసుకుంటారు. చెయ్యి కాలకపోతే సురక్షితం. ఎక్కువ తనిఖీలు పొయ్యి వెలిగించక ముందే జరుగుతాయి కాబట్టి ఇంతవరకూ ఎవరిదీ కాలలేదు. ఆ తరవాత పత్రంలో ఒక లోపం, తీసుకున్న చర్య రాసి సంతకం పెడతారు. ఉదాహరణకు లిన్‌వుడ్ పొగగొట్టం వంటింటి కిటికీలోంచి బయటికి పోతుంది. అద్దం తీసేసి, ప్లైవుడ్ బిగించి, దానికి కన్నం చేశారు. అక్కడ చీఫ్ గారు కనిపెట్టిన లోపం: కట్టెల పెట్టె మూత కిర్రుమంటోంది. తీసుకున్న చర్య: నూనె వేశారు.

మా ఇంట్లో ఆయన యాపిల్ పై తిన్నారు. గోడ తాకారు. చల్లగా ఉంది. గొట్టం చూశారు, రాతి పలకలు చూశారు, నా చేతిలోంచి టేపు తీసుకుని కొలిచారు. ముప్పై ఆరు. ఇంకో పక్క కొలిచారు. ముప్పై ఏడు. ఆయన ముఖం పాలిపోయింది.

"అమ్మాయ్ కొరీన్, ఇక్కడేమీ లేదేంటి?" అన్నారు.

"ఏది లేదు చీఫ్ గారూ?"

"లోపం."

"లేకపోతే మంచిదే కదా?"

ఆయన కుర్చీలో కూలబడ్డారు. "నీకు తెలీదమ్మా. ముప్పై ఏళ్ల సర్వీసు నాది. లోపం గడి ఖాళీగా ఉంటే, ఇంటికి రాకుండానే సంతకం పెట్టాడంటారు. ఒకసారి అన్నారు కూడా."

"వచ్చారా మీరు ఆ ఇంటికి?" అని అడిగింది అత్తయ్య.

"అది వేరే సంగతి, థర్జా గారూ. నా పేరు నిలబెట్టుకోవాలి కదా. తప్పు లేని చోట సంతకం పెట్టడానికి నా మనస్సాక్షి ఒప్పుకోదు." ఆయన యాపిల్ పై రెండో ముక్కను రుమాల్లో చుట్టుకుని, సంతకం పెట్టకుండా వెళ్లిపోయారు.

పది రోజుల్లో మూడుసార్లు ఫోన్ చేశాను. ఆయన ఇంకా ఆలోచిస్తున్నారు. డెల్విన్ పొయ్యి కాలు ఒకటి వంచుదామన్నాడు. నేను ఒప్పుకోలేదు. అత్తయ్య కాళ్లకు తొడుక్కున్న ఉన్ని సాక్సులు విప్పి నా ఒళ్లో పడేసింది. "వాడికి ఆదివారం బడిలో పాఠం చెప్పినదాన్ని. కళ్లెదురుగా వేలాడితే తప్ప ఏదీ కనబడదు హాలిస్‌కి. వేలాడదియ్యి."

నవంబరు ఇరవై తొమ్మిదిన చీఫ్ గారిని మళ్లీ యాపిల్ పై తినడానికి పిలిచాను. ఆయన వచ్చేసరికి, ఆరిపోయి ఉన్న పొయ్యికి పద్నాలుగు అంగుళాల దూరంలో దారం మీద ఎర్ర సాక్సుల జత వేలాడుతోంది. గుమ్మంలోనే ఆగిపోయారు. యాపిల్ పై సంగతే మరిచిపోయారు.

"కొరీన్! ఇవేంటి?"

"అయ్యో, చూసుకోలేదు చీఫ్ గారూ."

"చూసుకోలేదా! ఇల్లు తగలబడేది! ముసలావిడ నిద్రలో ఉండేది! ఇలాంటి నిర్లక్ష్యం వల్లే కదమ్మా సంసారాలు బుగ్గవుతున్నాయి! అందుకే ఈ ఊరికి అనుభవం ఉన్న కన్ను ఒకటి కావాలి. పుస్తకం చదివితే వస్తుందా అనుభవం?"

"రాదు చీఫ్ గారూ" అన్నాను. సాక్సులు తీసేశాను. ఆయన లోపం రాశారు, చర్య రాశారు, సంతకం పెట్టారు. ఆ సాయంత్రం పొయ్యి వెలిగించాం. అత్తయ్య ముప్పై ఆరు అంగుళాల అవతల కుర్చీ వేయించుకుని, బోసి కాళ్లు చాపి, వేళ్లు ఒక్కొక్కటిగా ఆడించి చూసుకుంది. పదీ ఉన్నాయని ప్రకటించింది.

కథ అక్కడితో ఆగాల్సింది. కానీ ఆ శనివారం అగ్నిమాపక హాల్లో బీన్స్ భోజనాల దగ్గర, ఒక ఇంటిని తాను చివరి నిమిషంలో ఎలా కాపాడారో చీఫ్ గారు చెప్పారు. జనవరిలో ఊరంతటా సాక్సుల తనిఖీ జరిగింది. ప్రతి ఇంట్లోనూ పొయ్యి దగ్గర సాక్సులున్నాయి, ఆయన చూడగానే ఇంటివాళ్లు తీశారు, ఆయన తలుపుకు 'సురక్షితం' అని ఎర్ర స్టిక్కర్ అంటించారు. లిన్‌వుడ్ ఇంట్లో రెండు జతలు దొరికాయి. లిన్‌వుడ్ కిటికీ ప్లైవుడ్ అప్పటికే వేడికి కాఫీ రంగుకు తిరిగింది. చీఫ్ గారు దానికి చేరబడే స్టిక్కర్ వెనక కాగితం ఊడదీశారు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం, చర్చి వదిలే వేళకు ఆ కిటికీ అంటుకుంది. లిన్‌వుడ్ బయటపడ్డాడు, పిల్లి బయటపడింది, వంటిల్లు, దాని పైగది పోయాయి. దళం వచ్చి ఆర్పింది. కాఫీ పెట్టడానికి ఆ ఇంట్లో వంటిల్లు లేనందువల్ల నేనే పెట్టాను. లిన్‌వుడ్ ఇప్పుడు మా ముందుగదిలో ఉంటున్నాడు. ఉత్తరాల డబ్బాకు దగ్గరగా జరుగుతుంటాడు. అత్తయ్య టేపు చూపించి వెనక్కి జరుపుతుంటుంది.

మార్చిలో ఊరి సభ జరిగింది. చీఫ్ గారు విచారణ నివేదిక చదివారు. "సంఘటన స్థలంలో పొయ్యికి ముప్పై ఆరు అంగుళాల లోపు ఎలాంటి సాక్సులూ కనబడలేదు. కాబట్టి పొయ్యి సురక్షితంగానే ఉన్నట్టు రుజువైంది. ఇల్లు నిబంధనలకు లోబడే కాలింది." తలుపు మిగలడం వల్ల ఎర్ర స్టిక్కర్ కూడా చెక్కుచెదరలేదని చెప్పి, అందరికీ చూపించారు.

చీఫ్ గారి సేవలకు కృతజ్ఞతలు తెలుపుతూ తీర్మానం పెట్టారు. అందరికన్నా ముందు లిన్‌వుడ్ చెయ్యెత్తాడు. ఇల్లు మళ్లీ కడితే అతనికీ సంతకం కావాలి. డెల్విన్ ఎత్తాడు. ప్లైవుడ్ గురించి చెప్పడానికి నేను లేచి నిలబడ్డాను. చీఫ్ గారు నావైపు చూసి, "ఇదిగో, నేను కాపాడిన ఆ ఇల్లు వీళ్లదే" అని ఆప్యాయంగా నవ్వారు. హాలంతా చప్పట్లు కొట్టింది. మా బీమా ఏటా డిసెంబరులో కొత్త సంతకం అడుగుతుంది. లేచిన దాన్ని ఎలాగూ లేచాను కదా అని, చెయ్యెత్తి కూర్చున్నాను.

మీరైతే ఎత్తేవారు కాదు. ఆ నమ్మకం నాకుంది. మీ ఇంటి కాగితాల మీద సంతకాలు పెట్టినవాళ్లంతా అన్నీ చూసే పెట్టి ఉంటారు.

అత్తయ్య ఈ ఏటి జత అల్లడం మొదలుపెట్టింది. ఈసారి పసుపు రంగు. చీఫ్ గారి చూపు కాస్త మందగించిందట.